నోరు మెదపని తిట్టు

నోటితో తిడితే పదిమంది వింటారు. నోరు మెదపకుండా తిట్టేవాడి సంగతేంది? ఆ తిట్టు తగిలినోడికి తప్ప ఎవరికీ వినపడదు.

మా ఇంట్లో డిగ్రీ చదివినవాళ్లం మేమే మొదలు. ఇరవై ఏళ్ల కిందట మెట్టలో ఒక బడిలో పంతుళ్లుగా చేరాం. అక్కడి పెద్దసారు మమ్మల్ని ఏనాడూ ఒక్క మాట అనలేదు. హాజరు రిజిస్టరు మిగతా సార్లకు చేతికిచ్చేవాడు, మాకు బల్ల మీద జరిపేవాడు. అందరికీ గాజు గ్లాసుల్లో టీ, మాకు కిటికీలో విడిగా పెట్టిన స్టీలు గ్లాసు. అడిగితే, "నేనేమన్నానయ్యా? ఒక్క మాటన్నా అన్నానా?" అన్నాడు. నిజమే, అనలేదు. వాళ్ల తెలివంతా అందులోనే ఉంది.

ఇది మాతో మొదలైంది కాదు. బాబాసాహెబ్ అంబేద్కర్ అమెరికాలో, లండన్‌లో చదివొచ్చి 1917లో బరోడా సంస్థానంలో కొలువుకు చేరితే, బంట్రోతులు ఫైళ్లు చేతికివ్వకుండా బల్ల మీదికి విసిరేవాళ్లు. ఆఫీసులో తాగటానికి నీళ్లు కూడా దక్కలేదు. బంట్రోతు జీతమెంత, ఆయన చదువెంత? నీ చదువు కంటే నా కులమే పెద్దదని ఆ విసురు చెప్పింది. నోటితో చెప్పనక్కరలేకపోయింది.

పొలం దగ్గర ఈ భాష తాతలనాటిది. కామందు ఎదురైతే భుజం మీది తువ్వాల నడుముకు రావాలి, కాళ్లకున్న చెప్పులు చేతికి రావాలి, తల నేలకు వంగాలి. జగ్గయ్యపేట, నందిగామ ఊళ్లలో పత్తి తీతకు, మిరపకాయల కోతకు పోయే మన అక్కల్ని అడగండి. కూలి డబ్బు చేతిలో పెట్టేది ఎవరు, పైనించి జారవిడిచేది ఎవరు, వాళ్లే చెబుతారు. కృష్ణా జిల్లాలో ఉన్న మనల్ని 2022లో ఎన్టీఆర్ జిల్లాలో కలిపారు. జిల్లా పేరు మారింది. గ్లాసు మారిందా?

ఈ భాషకు ఎదురు తిరిగితే ఏమవుద్దో చరిత్ర చెప్పింది. 1985లో కారంచేడులో మంచినీళ్ల చెరువు పాడు చెయ్యొద్దన్న కుర్రాణ్ణి కొడుతుంటే, మాదిగ ఆడబిడ్డ సువార్త బిందె ఎత్తి అడ్డం నిలబడింది. జూలై 17న గూడెం మీద పడి ఆరుగుర్ని చంపారు. 1991లో చుండూరులో సినిమాహాల్లో దళిత కుర్రాడి కాలు అగ్రకులపోడికి తగిలిందన్న దగ్గర గొడవ మొదలైంది. ఆగస్టు 6న ఎనిమిది మందిని నరికి చంపారు. ఎత్తిన చెయ్యి, తగిలిన కాలు. వీటికి పధ్నాలుగు ప్రాణాలు తీశారు.

ఇప్పుడు ఇంకో వింత చూడండి. మన పిల్లలు చదువుకుని ఇంటర్వ్యూలకు పోతున్నారు. కళ్లలోకి చూడు, నిటారుగా కూర్చో, చెయ్యి గట్టిగా కలుపు అని శిక్షణ ఇస్తారు. తల దించితే ధైర్యం లేనోడంట, చూపు తిప్పుకుంటే ఏదో దాస్తున్నాడంట! అయ్యా, తల ఎత్తితే పొగరని తన్నింది ఎవరు? ఊళ్లో ఎత్తినందుకు దెబ్బ, పట్నంలో ఎత్తనందుకు సున్నా. వంగిన వీపును చూసి మార్కులు తీసేసే ముందు, దాన్ని వంచినోడి పేరు అడగండి.

మనల్ని మనం కూడా చూసుకోవాలి. మాలపల్లెలో మాదిగ అన్నకు, మాదిగగూడెంలో యానాది తమ్ముడికి గ్లాసు ఎట్టా అందిస్తున్నాం? మన మీటింగుల్లో మగాళ్లం కుర్చీల్లో, ఆడోళ్లు చాపల మీద ఎందుకు కూర్చుంటున్నారు? పెద్దసారు సైగ తప్పయితే మన సైగ ఒప్పా?

ఏం చెయ్యాలి? ముందు చట్టం తెలుసుకోవాలి. మాటలతోనే కాదు, సైగలతో అంటరానితనాన్ని ఎగదోసినా నేరమేనని 1955 నాటి పౌరహక్కుల రక్షణ చట్టం అంటుంది. పదిమంది చూసే చోట కావాలని అవమానించటం 1989 అత్యాచారాల నిరోధక చట్టం కింద నేరం. మన ఆడవాళ్ల మీద చేసే లైంగిక సైగలు కూడా నేరమని 2015 సవరణ విడిగా రాసింది. అయితే బయటివాళ్లెవరూ లేకుండా ఇంటి నాలుగు గోడల మధ్య జరిగిన తిట్టు ఆ అవమానం సెక్షను కిందికి రాదని 2020లో సుప్రీంకోర్టు హితేష్ వర్మ కేసులో చెప్పింది. కాబట్టి సాక్షి ముఖ్యం.

ఒక నోటుబుక్కు పెట్టండి. తేదీ, టైము, చోటు, ఎవరి చెయ్యి ఏం చేసింది, ఎవరు చూశారు, అన్నీ ఆ రోజే రాయండి. "మనసు నొచ్చింది" అని రాస్తే కోర్టులో నిలబడదు. "ముగ్గురికి చేతికిచ్చి నాకు విసిరాడు" అని రాస్తే నిలబడుద్ది. పదిమందిలో గట్టిగా అడగండి: "సార్, వాళ్లకిచ్చినట్టు నాకెందుకు ఇవ్వలేదు?" వాడి మూగతిట్టును మాటల్లోకి లాగితేనే నలుగురికీ వినపడుద్ది. ఆఫీసుకు గుంపుగా పోండి. కుర్చీ ఖాళీగా ఉంటే అడిగి కూర్చోండి.

సంఘం పని చేసేవాళ్లకు ఒక మాట. రేపటి కూలికి ఆ కామందు గడపే తొక్కాల్సిన ఒంటరి మనిషిని ముందు నిలబెట్టి, నెల జీతం వచ్చే మనం వెనక దాక్కోకూడదు. తల ఎత్తటానికి ఖరీదుంది. ఆ ఖరీదు ముందు మనం కట్టాలి.

మేమూ ఆ బడిలో ఒకరోజు బల్ల మీద రిజిస్టరు ముట్టుకోలేదు. చెయ్యి చాపి నిలబడ్డాం. సార్లంతా చూస్తున్నారు. చాలాసేపటికి పెద్దసారు దాన్ని ఎత్తి చేతిలో పెట్టాడు. మర్నాడు మళ్లీ జరిపాడు. మళ్లీ చెయ్యి చాపాం. నెల పట్టింది. ఆ తర్వాత జరపలేదు.

రేపు మీ చెయ్యి చాపండి. పక్కన మేముంటాం.

జై భీమ్!