బ్యూనస్ ఎయిర్స్ ఎవరికి చౌక?

డాలర్లలో సంపాదించి పెసోల్లో ఖర్చుపెట్టుకుంటూ దర్జాగా బతకాలంటే అర్జెంటీనా రాజధాని బ్యూనస్ ఎయిర్స్‌కు పొమ్మని చెప్పేవాళ్లు ఎక్కువయ్యారు. అమెరికా వీసా ఉన్న భారతీయులకు పర్యటనకు తన వీసా అక్కర్లేదని 2025లో అర్జెంటీనా ప్రకటించాక ఈ మాట మనవాళ్ల చెవినా పడుతోంది. ఈ సలహా లెక్కలోనూ తప్పే, నీతిలోనూ తప్పే.

అసలు ఆ చౌక ఎక్కడిది? 2023లో అక్కడ ధరలు 211 శాతం పెరిగాయి. ఆ ఏడాది మే దాకా దేశంలో అతిపెద్ద నోటు వెయ్యి పెసోలు. బయటి మార్కెట్లో దానికి రెండు డాలర్ల పైచిలుకు వచ్చేది, అంతే. ఫ్లోరిదా వీధిలో ‘కాంబియో, కాంబియో’ (డబ్బు మారుస్తాం) అని పిలిచే దళారి వెంట వెళ్లిన విదేశీయుడు నోట్ల కట్టలతో బయటికొచ్చేవాడు. అదే వీధిలో దుకాణాల్లో పనిచేసేవాళ్లు జీతం అందిన రోజే సరుకులు కొనిపెట్టుకునేవాళ్లు, వారం ఆగితే అదే డబ్బుకు తక్కువ వస్తాయని. వాళ్ల జీతంలో కరిగిపోయిందే విదేశీయుడికి చౌకగా కనిపించింది.

ఇంటి సంగతి మరీ అన్యాయం. స్థానికుడు ఇల్లు అద్దెకు తీసుకోవాలంటే జీతం కాగితాలు చూపాలి, అడ్వాన్సు కట్టాలి, సాధారణంగా సొంత ఇల్లున్న ఒకరి చేత పూచీ ఇప్పించాలి. పల్లెనుంచి వచ్చిన కుర్రాడికి నగరంలో ఇల్లున్న చుట్టం ఎక్కడ దొరుకుతాడు? విదేశీయుడు నెలకింతని డాలర్లు పెట్టి ఈ తతంగమంతా దాటేస్తాడు. 2020 అద్దె చట్టం మూడేళ్ల ఒప్పందాన్ని తప్పనిసరి చేసి, అద్దె ఏడాదికోసారే పెంచాలంది. ధరలు మండిపోతుంటే యజమానులు చాలామంది పాలెర్మో, సాన్ తెల్మో లాంటి పేటల్లో ఫ్లాట్లను డాలర్ల తాత్కాలిక అద్దెలకు మళ్లించారు. తప్పు చట్టానిదీ, ద్రవ్యోల్బణానిదీ కూడా, ఒప్పుకుంటాను. కానీ ఆ డాలర్లు ఇచ్చేవాళ్లుంటేనే కదా యజమాని అటు మళ్లేది!

విదేశీయులు డాలర్లు తెస్తే ఊరికి మంచిదేగా అంటారు. హోటళ్లకు మంచిదే. అద్దె ఇల్లు వెతుక్కునే టీచరుకు కాదు.

పోనీ, ఆ చౌకైనా నిలిచిందా? 2023 డిసెంబరులో అధికారిక రేటు డాలరుకు 366 పెసోల నుంచి ఒక్కసారిగా 800కు చేరింది. తర్వాత ఏడాదిలో ధరలు రెట్టింపు దాటాయి, డాలరు మాత్రం అంత పెరగలేదు. డాలర్లలో లెక్కేసుకున్నా నగరం ఖరీదైపోయింది. చౌక కోసం వచ్చినవాళ్లు ఇంకో చౌక దేశం వెతుక్కున్నారు.

వెళ్లొద్దనడం లేదు. వెళ్లేవాళ్లు నివాస అనుమతి తీసుకోవాలి, స్పానిష్ నేర్చుకోవాలి, పన్ను కట్టాలి, పెసోల్లో రాసిన ఒప్పందంతో ఇంట్లో దిగాలి. బొలీవియా, పరాగ్వే నుంచి వచ్చినవాళ్లు ఎన్నో ఏళ్లుగా పెసోల జీతంతో, పెసోల అద్దెతోనే నెట్టుకొస్తున్నారు. కూరగాయల కొట్లు, కుట్టుపని, ఇళ్ల కట్టుబడి చాలావరకు వాళ్ల చేతులమీదుగా నడుస్తున్నాయి. రెతీరో స్టేషన్ వెనకున్న విల్యా 31 బస్తీలో ఒక్క గదికి అద్దె కట్టేవాళ్లూ వాళ్లలో ఉన్నారు. ఆ నగరంలో బతకడానికి ఎంతవుతుందో వాళ్లని అడగండి.