ఎక్కడ ఆగాలో తూటా చెప్పదు

వంటింటి ప్రెజర్ కుక్కర్‌లో ఆవిరి పీడనం చదరపు అంగుళానికి సుమారు 15 పౌండ్లకు చేరితే విజిల్ వస్తుంది. వేట రైఫిల్‌లో తూటా పేలిన క్షణంలో ఛాంబర్ లోపలి పీడనం చదరపు అంగుళానికి 60,000 పౌండ్ల దాకా వెళ్తుంది. అంటే కుక్కర్‌లో ఉన్నదానికి దాదాపు 4,000 రెట్లు. పీడనం హద్దు దాటబోతోందని ముందుగా చెప్పే విజిల్ మాత్రం రైఫిల్‌కు ఉండదు. కొత్త రకం తూటాలను సొంతంగా తయారుచేసుకునేవారు మొదట ఒప్పుకోవాల్సిన నిజం ఇదే.

అమెరికాలో తూటాలను సొంతంగా నింపుకోవడం చాలాకాలంగా ఉన్న చట్టబద్ధమైన అలవాటు. పేల్చిన తూటా ఇత్తడి తొడుగును శుభ్రంచేసి, మళ్లీ కొలతకు తెచ్చి, కొత్త ప్రైమర్, మందు, బులెట్ అమరుస్తారు. దీన్నే హ్యాండ్‌లోడింగ్ అంటారు. (భారతదేశంలో 1959 నాటి ఆయుధ చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తూటాలు తయారుచేయడం నేరం.) ఏ తూటాకు ఏ మందు ఎంత వేయాలో, ఎక్కడ ఆగాలో మందు, బులెట్ల కంపెనీలు ప్రయోగశాలల్లో కొలిచి పుస్తకాలుగా ప్రచురిస్తాయి. ఆ హద్దుల్లో ఉన్నంతకాలం ఈ పని పెద్ద ప్రమాదకరం కాదు.

చిక్కంతా ‘వైల్డ్‌క్యాట్’ తూటాలతోనే. ఏ కంపెనీ ప్రామాణికంగా తయారుచేయని, ఔత్సాహికులు పాత తొడుగును మలిచి రూపొందించుకున్న తూటాలివి. అమెరికా సైన్యం 1906లో చేపట్టిన .30-06 తూటా తొడుగు మెడను సన్నం చేసి, చిన్న బులెట్‌కు సరిపోయేలా మలిస్తే .25-06 వచ్చింది. దశాబ్దాలపాటు వైల్డ్‌క్యాట్‌గానే ఉన్న దాన్ని 1969లో రెమింగ్టన్ కంపెనీ ప్రామాణిక తూటాగా మార్కెట్లోకి తెచ్చింది. .22-250 కూడా అలాగే 1965లో వైల్డ్‌క్యాట్ దశ దాటింది. కంపెనీ చేపట్టేదాకా వాటికి కొలిచిన లెక్కలు దొరకడం కష్టం. ఈనాటి వైల్డ్‌క్యాట్‌లదీ అదే పరిస్థితి.

తొడుగు ఒకటే కదా, పాత తూటా లెక్కనే కాస్త సర్దుకుంటే చాలదా అనిపించవచ్చు. చాలదు. .30-06 బులెట్ వ్యాసం 7.82 మిల్లీమీటర్లు, .25-06ది 6.53. వైశాల్యంలో చూస్తే దాదాపు 30 శాతం తక్కువ. బులెట్ ముందుకు కదిలేకొద్దీ వాయువులు వ్యాపించడానికి దొరికే చోటు అంతమేరకు తగ్గుతుంది. అదే మందు అంతే వేస్తే పీడనం ఎక్కువ ఎత్తుకు లేస్తుంది.

పీడనం పెరిగితే మందు ఇంకా వేగంగా మండుతుంది. ఈ సంబంధాన్ని చెప్పే సూత్రం, పొగరాని తుపాకి మందును 1884లో రూపొందించిన ఫ్రెంచ్ శాస్త్రవేత్త పాల్ వియెల్ పేరుతో ఉంది. వేగంగా మండితే పీడనం మరింత పెరుగుతుంది. అందుకే హద్దుకు దగ్గరయ్యేకొద్దీ మందులో చిన్న పెంపు పీడనంలో పెద్ద పెంపుగా మారుతుంది. తొడుగు గోడ మందం, ప్రైమర్ రకం, బులెట్ ఎంత లోతుకు కూర్చుంది, ఆరోజు ఎండ ఎంత... వీటిలో ఏది మారినా లెక్క మారుతుంది.

ఈ రంగంలో తరతరాలుగా వినిపించే సలహా ఒకటుంది: తక్కువతో మొదలుపెట్టు, కొద్దికొద్దిగా పెంచు, తొడుగును గమనిస్తూ ఉండు. సలహాలో మొదటి సగం మంచిదే. కానీ ఎక్కడ ఆగాలో అది చెప్పదు. ఆ పనిని తొడుగు మీద కనిపించే గుర్తులకు వదిలేస్తుంది. చదునైన ప్రైమర్, తొడుగు అడుగున మెరిసే మచ్చ, బిగుసుకుపోయిన బోల్ట్ అలాంటి గుర్తులే.

ఈ గుర్తులను నమ్మదగిన కొలతగా చూడటం పొరపాటు. ప్రైమర్ లోహం మెత్తగా ఉంటే మామూలు పీడనానికే చదునవుతుంది, గట్టిగా ఉంటే ఎక్కువ పీడనంలోనూ గుండ్రంగానే ఉంటుంది. బోల్ట్ బిగుసుకుందంటే ఇత్తడి అప్పటికే తన సాగే గుణం హద్దు దాటిందని అర్థం. అది హెచ్చరిక కాదు, జరిగిపోయినదానికి సాక్ష్యం. పైగా ఆ గుర్తులు ఇత్తడి గురించి చెబుతాయి తప్ప ఉక్కు గురించి కాదు. .30-30 తూటాకు గరిష్ఠ హద్దు 42,000 పౌండ్లే. ఇత్తడి ఏ గుర్తూ చూపకముందే ఆ హద్దును దాటేయవచ్చు. పాత రైఫిల్ పట్టుకున్న వ్యక్తి కళ్లు, వేళ్లు, పక్క బెంచీలో కూర్చున్న మనిషి ఈ తేడా మీదే ఆధారపడి ఉంటారు.

కంప్యూటర్ ప్రోగ్రాములు ఈ లోటు తీరుస్తాయని కొందరి వాదన. తొడుగులో పట్టే నీటి బరువు, బులెట్, మందు వివరాలిస్తే ‘క్విక్‌లోడ్’ లాంటివి పీడనాన్ని అంచనా వేస్తాయి. పనికిమాలిన ఊహల్ని మొదట్లోనే తోసిపుచ్చడానికి ఇవి ఉపయోగపడతాయి. అయితే డబ్బాలో ఉన్న మందు ప్రోగ్రాములోని నమూనా మందులా మండాలని లేదు. అంచనా ఎప్పుడూ అంచనానే.

మిగిలిన దారి కొలవడమే. కొలతలోనూ మెలకువ కావాలి. పాత పద్ధతిలో చిన్న రాగి స్తూపం ఎంత నలిగిందో చూసి పీడనం చెప్పేవారు. ఆ లెక్కలో .30-06 హద్దు 50,000, నేటి పీజో సెన్సర్ లెక్కలో 60,000. రైఫిల్ అదే, కొలిచే పద్ధతి వేరు. ఏ పద్ధతో చెప్పని అంకెను పట్టుకుని ముందుకెళ్తే చిక్కే. ఔత్సాహికులకు అందుబాటులో ఉన్నది బ్యారెల్ మీద అతికించే స్ట్రెయిన్ గేజ్. పేలినప్పుడు ఉక్కు ఉబ్బే అతిస్వల్ప మార్పును అది పట్టుకుంటుంది. ఖర్చవుతుంది, సరిగా అమర్చకపోతే తప్పు చెబుతుంది. అయినా ప్రైమర్ రూపాన్ని చూసి ఊహించడం కంటే ఎంతో నయం.

గేజ్ కొనే స్థోమత లేకపోతే? అప్పుడు వేగం ఆశ వదులుకోవాలి. అదే పరిమాణం తొడుగు, అంతే బ్యారెల్ పొడవు, అంతే బరువు బులెట్ ఉన్న ప్రామాణిక తూటా కంటే వైల్డ్‌క్యాట్ చాలా వేగంగా పంపుతోందని క్రోనోగ్రాఫ్ చూపిస్తే అది రూపకల్పన గొప్పతనం కాకపోవచ్చు. ఎక్కువ శక్తి ఎక్కడినుంచో రావాలి. చాలాసార్లు అది పీడనం నుంచే వస్తుంది. అక్కడ ఆగి వెనక్కి రావడమే వివేకం.

వియెల్ సూత్రం తూటాలకే పరిమితం కాదు. ఆంధ్రప్రదేశ్‌లోని శ్రీహరికోటలో తయారయ్యే రాకెట్ ఘన ఇంధనానికీ అదే వర్తిస్తుంది. ఎల్‌వీఎం3 రాకెట్‌కు చెందిన ఎస్200 బూస్టర్‌ను ఎగరనిచ్చే ముందు 2010 జనవరిలో అక్కడే నేలకు బిగించి మండించి పరీక్షించారు. లెక్కలు ఎంత పక్కాగా ఉన్నా సెన్సర్లు చెప్పేదాకా వాటిని నమ్మలేదు. ఇస్రో పాటించే ఈ పద్ధతి బెంచీ ముందు కూర్చున్న ఒంటరి ఔత్సాహికుడికి అవసరం లేదనడానికి కారణమేదీ లేదు.

లెక్కల్ని పంచుకునేవారికీ బాధ్యత ఉంది. తొడుగులో పట్టే నీటి బరువు, బ్యారెల్ పొడవు, మందు లాట్, ఉష్ణోగ్రత, పీడనం కొలిచిన పద్ధతి లేకుండా ‘నా రైఫిల్‌లో బాగానే ఉంది’ అంటూ ఇచ్చే అంకె డేటా కాదు, వదంతి. బద్దలవని రైఫిల్ సురక్షితమైన రైఫిల్ అని రుజువు చేయదు. ఇప్పటిదాకా బద్దలవలేదని మాత్రమే చెబుతుంది.