గురుపట్టము - స్త్రీలు

కథోలిక సంఘమున స్త్రీలకు గురుపట్టము నిరాకరింపబడుటను గూర్చి మేము వ్రాయబూనగా, పరమతవిషయము మనకేల యని కొంద రడుగవచ్చును. మన బాలికలకు చదువు చెప్పినవారిలోను, మన రోగులకు మందిచ్చినవారిలోను ఆ సంఘపు కన్యస్త్రీ లెందఱో కలరు. వారి సేవను గైకొనిన మనము వారికి జరుగు న్యాయాన్యాయములను విచారించుట తగని పని కాదు.

1983వ సంవత్సరపు సంఘధర్మశాస్త్రములోని 1024వ సూత్రము, జ్ఞానస్నానము పొందిన పురుషునకే పట్టము చెల్లునని విధించుచున్నది. స్త్రీలకు గురుపట్ట మిచ్చు అధికారము సంఘమునకే లేదని 1994లో రెండవ జాన్ పాల్ పోపుగారు ప్రకటించిరి. ఈ ప్రతిజ్ఞకు చూపబడు హేతువులను పరీక్షింతము.

క్రీస్తు పన్నిద్దఱు పురుషులనే ఎన్నుకొనెను గాన గురువులు పురుషులే కావలయునట! ఆ పన్నిద్దఱును యూదులు, పేతురు వివాహితుడు. అయినను సంఘము యూదుడు కానివానికి పట్టము నిరాకరింపలేదు. లాటిను సంఘమున వివాహితునకు సామాన్యముగా గురుపట్ట మీయదు. ఉన్న లక్షణములలో పురుషత్వము నొక్కదానినే ఏరుకొని తక్కినవానిని విడుచుటకు ప్రమాణ మేమి? మన తార్కికు లిట్టి హేతువును అతిప్రసంగదుష్ట మందురు.

బలిపీఠముకడ గురువు క్రీస్తుస్థానమున నిలుచును గాన పురుషరూపము కావలయునని 1976 నాటి రోమునగర ప్రకటనము వాదించినది. ప్రాణాపాయసమయమున స్త్రీ యిచ్చిన జ్ఞానస్నానము చెల్లునని ఆ సంఘమే అంగీకరించుచున్నది. ఆ సంస్కారమున నిజముగా స్నాన మిచ్చువాడు క్రీస్తే యని అగస్టీను బోధించెను. తొట్టికడ క్రీస్తు హస్తము కాగలిగిన స్త్రీహస్తము పీఠముకడ కాజాలదనుట యెట్లు పొసగును?

13వ శతాబ్దమున థామస్ అక్వినాస్ చెప్పిన హేతువు వేఱు. స్త్రీ అధీనస్థితి యందున్నది గాన ఆధిక్యమును సూచింపజాల దని యాతని మతము. పూర్వుల వ్రాతలలో స్త్రీలయెడ దురభిప్రాయములు కలవని 1976 నాటి ప్రకటనమే ఒప్పుకొన్నది. గోడ కూలినదని యొప్పుకొని, కప్పు మాత్రము నిలిచియున్నదని చెప్పుట యెట్టి వాదము?

శాస్త్రప్రమాణము సైతము వారికి పూర్ణముగా అనుకూలము కాదు. పౌలు తన రోమీయుల పత్రికయందు ఫీబేను కెంక్రేయ సంఘపు పరిచారకురాలిగా పేర్కొనెను. యూనీయను అపోస్తలులతో చేర్చి ప్రశంసించెను. ఈమె స్త్రీ యనియే 4వ శతాబ్దపు క్రిసోస్తము గ్రహించి కొనియాడగా, తరువాతివారు కొందఱు ఆ పేరును పురుషనామముగా మార్చిరి. పునరుత్థానవార్తను మొదట తెలిపిన మగ్దలేనే మరియ దినమును 2016లో ఫ్రాన్సిస్ పోపుగారు అపోస్తలుల దినములతో సమానమైన పండుగ గావించిరి. సమానపూజ కర్హురాలైనది సమానాధికారమున కేల కాదు?

గురుత్వము హక్కు కాదు, దైవాహ్వాన మని వారి చివరి సమాధానము. మేము నంగీకరింతుము. పురుషుడు తనకు పిలుపు కలదన్నచో సంఘము ఏండ్లతరబడి అతనిని పరీక్షించును. స్త్రీ యదే మాట చెప్పినచో ఆ పరీక్షయే లేదు. పరీక్షించి కాదనుట వివేకము. వినకయే కాదనుట వివేక మగునా?

నిషేధములు సడలుట ఆ సంఘమున క్రొత్త కాదు. 1920లో గుంటూరునకు వచ్చిన వైద్యురాలు మేరీ గ్లౌరీ, కన్యస్త్రీయై వైద్యము చేయుటకు పోపుగారి ప్రత్యేకానుజ్ఞ కావలసివచ్చెను. 1936లో కన్యస్త్రీల కందఱికిని ఆ మార్గము తెఱవబడినది. అందుచే సంఘము చెడలేదు. తల్లులు, శిశువులు బ్రతికిరి. మన నంద్యాలలోనే 2013లో దక్షిణ ఇండియా సంఘము ఒక స్త్రీని బిషప్పుగా ప్రతిష్ఠించినది. క్రైస్తవధర్మ మచట నశింపలేదు.

కావున మేము కోరునది విప్లవము కాదు. నిలువదగిన హేతువును చూపుడు. లేదా నిషేధమును విడువుడు. రెండును చేయక చర్చనే మూయించుట సత్యమునందు విశ్వాసము గలవారికి తగినది కాదు.