పాతదే పదిలమా?

2024 మార్చి నెలాఖరున ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే సాఫ్ట్‌వేర్ ఇంజనీరుకు ఒక చిన్న సందేహం కలిగింది. దూరాన వున్న కంప్యూటరులోకి ప్రవేశించడానికి వాడే ఎస్.ఎస్.హెచ్. అనే సాధనం మామూలు కంటె అర సెకను ఆలస్యంగా బదులు పలుకుతోంది. అర సెకనే గదా అని మరొకరైతే ఊరుకునేవారు. ఆయన ఊరుకోలేదు. కూపీ లాగగా, ఫైళ్ళను కుదించే ఎక్స్.జెడ్. అనే సామాన్యమైన ప్రోగ్రాములో దొంగదారి ఒకటి అమర్చి వున్నట్లు బయటపడింది. మారుపేరు చాటున వున్న ఎవరో రెండేళ్ళకు పైగా ఆ ప్రోగ్రాముకు సాయం చేస్తూ, నమ్మకం సంపాదించి, 5.6.0, 5.6.1 కూర్పులలో దానిని జొప్పించారు.

డెబియన్ లినక్సులో 'స్టేబుల్' శాఖను వాడుతున్నవారి దగ్గర అప్పటికి వున్నది ఎక్స్.జెడ్. 5.4 కూర్పు. వారికి ఏ హానీ కలగలేదు. పాత బియ్యానికి ఎక్కువ ధర పెట్టే మన ఇళ్ళలో యీ సంగతి తేలికగానే అర్థమవుతుంది. అయితే ఫ్రాయిండ్ వాడుతున్నది స్టేబుల్ కాదు. కొత్త సరుకు మొట్టమొదట చేరే 'సిడ్' శాఖ. కొత్తదానిని ముందుగా వాడి చూసేవాడు ఒకడు వుండబట్టే ఆ విషం పాతదాని దాకా పాకలేదు.

1991లో లైనస్ టోర్వాల్డ్స్ ఆరంభించినది లినక్సు కర్నెల్ మాత్రమే. దాని చుట్టూ వేలాది ప్రోగ్రాములను చేర్చి, ఒకదానితో ఒకటి పొసగేటట్లు కూర్చి ఇచ్చేదాన్ని డిస్ట్రిబ్యూషన్ అంటారు. 1993లో ఇయన్ మర్డాక్ ప్రారంభించిన డెబియన్ వీటిలో పేరెన్నిక గన్నది. మన సీ-డాక్ రూపొందించిన 'బాస్' లినక్సుకూ, ఉబుంటుకూ మూలం అదే. కొత్త కూర్పు ఏదైనా ముందు సిడ్‌లో చేరుతుంది. 'టాయ్ స్టోరీ' చిత్రంలో బొమ్మలను విరగ్గొట్టే పక్కింటి కుర్రవాని పేరది! కొన్ని రోజులలో పెద్ద దోషం కనబడకపోతే 'టెస్టింగ్'కు వెళుతుంది. సుమారు రెండేళ్ళకొకసారి ఆ శాఖకు తలుపులు మూసి, దోషాలు దిద్ది, స్టేబుల్‌గా విడుదల చేస్తారు. ఆ తరువాత భద్రతా లోపాలకూ, తీవ్రమైన దోషాలకూ మాత్రమే మరమ్మతు. కొత్త సొగసులేవీ చేరవు.

ఈ నిష్ఠకు మూల్యం లేకపోలేదు. 2002 జులైలో 'వుడీ' వచ్చాక తరువాతి కూర్పు 'సార్జ్' 2005 జూన్ దాకా రాలేదు. డెస్క్‌టాప్ వాడేవారికి మూడేళ్ళంటే ఒక యుగం. ఆ ఎదురుచూపుల నడుమనే, 2004 అక్టోబరులో, ఆరునెలల కొకసారి కొత్త కూర్పు ఇస్తానంటూ ఉబుంటు వచ్చింది. జనం ఎందుకు అటు మళ్ళారో వేరే చెప్పనక్కరలేదు. తమాషా ఏమంటే, 2006 నాటికి ఉబుంటు సైతం దీర్ఘకాలం నిలిచే కూర్పు ఒకటి విడిగా ఇవ్వవలసి వచ్చింది.

ప్రోగ్రాములు వ్రాసేవారి గోడు మరొకటి. తాము ఎన్నడో దిద్దిన తప్పును గురించి పాత కూర్పు వాడేవారు ఫిర్యాదులు పంపుతూనే వుంటారు. ఎక్స్‌స్క్రీన్‌సేవర్ రచయిత జేమీ జవిన్‌స్కీ విసిగిపోయి, కూర్పు మరీ పాతబడితే తెరమీదనే హెచ్చరిక కనబడే ఏర్పాటు చేశాడు. దానిపై 2016లో డెబియన్ వారితో పెద్ద వివాదమే నడిచింది. ఇద్దరి వాదనలోనూ న్యాయం వుంది.

నిలకడ అనే మాటను గుడ్డిగా నమ్మడమూ తగదు. ఓపెన్ ఎస్.ఎస్.ఎల్. అనే రహస్య లిపి సాధనంలో 2006లో డెబియన్ వారే చేసిన చిన్న సవరణ వల్ల, ఊహకందరాని తాళంచెవులు తయారు కావలసిన చోట, ఒక్కొక్క రకానికి ముప్పయిరెండు వేల పైచిలుకు మాత్రమే తయారవుతూ వచ్చాయి. ఎవరైనా వరుసగా వేసి చూడవచ్చునన్నమాట. ఆ దోషం సకల పరీక్షలూ దాటి 2007లో స్టేబుల్‌లో చేరింది. 2008 మే నెలలో గాని బయటపడలేదు.

2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు ముగిశాక, పాత యంత్రాన్ని పారవేయలేక లినక్సు వైపు చూసే గృహస్థులకు యీ ప్రశ్న ఎదురవుతుంది. యంత్రం పాతదైతే స్టేబుల్ చాలు. దాని పరికరాలన్నిటినీ కర్నెల్ ఏనాడో గుర్తుపట్టింది. నిన్న కొన్న లాప్‌టాప్ అయితే పాత కర్నెల్‌కు దాని వైఫై తెలియకపోవచ్చు. అక్కడ కొత్త కూర్పుకు పోక తప్పదు. అందమైన తెర కోసమే అయితే తొందర అనవసరం. కేడీఈ వారి ప్లాస్మా 6 విడుదలైనది 2024 ఫిబ్రవరిలో. డెబియన్ స్టేబుల్ వాడుకరులకు అది అందినది 2025 ఆగస్టులో, 13వ కూర్పుతో. ఆ ఏడాదిన్నర ప్లాస్మా 5తో వారి పనులేమీ ఆగలేదు. ఏదో ఒక ప్రోగ్రాము మాత్రం కొత్తది కావాలంటే, ఇల్లు కదపకుండా గది మాత్రం మార్చినట్లు, ఫ్లాట్‌పాక్ ద్వారా దానినొక్కదానినే తెచ్చుకోవచ్చు.

బ్రౌజరు విషయంలో డెబియన్ సైతం తన నియమాన్ని సడలించుకుంది. నిత్యం బయటపడే భద్రతా లోపాలను పాత కూర్పులో దిద్దుతూ పోవడం అసాధ్యమని తేలి, దీర్ఘకాలిక ఫైర్‌ఫాక్స్‌కు కొత్త కూర్పు వచ్చినపుడల్లా దానినే స్టేబుల్‌లోకి తెచ్చుకుంటోంది.