ఒకే రోజు, రెండు నాలుకలు

2005 ఆగస్టు 5న అమెరికా ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్ రెండు నిర్ణయాలు తీసుకుంది. ఫోన్ కంపెనీల బ్రాడ్‌బ్యాండ్ ‘సమాచార సేవ’ మాత్రమేనంటూ పాత టెలిఫోన్ నిబంధనల నుంచి వాటిని విడిపించింది ఒకటి. ఆ బ్రాడ్‌బ్యాండే టెలిఫోన్‌కు ప్రత్యామ్నాయం కనుక పోలీసుల నిఘాకు అనువుగా మార్చి తీరాలన్నది రెండోది. సొంత నెట్‌వర్కులు నడిపే విశ్వవిద్యాలయాల మెడకు చుట్టుకున్నది ఈ రెండోదే. దానికి పెట్టిన గడువు 2007 మే.

నేరగాళ్లు ఫోన్ వదిలి ఇంటర్నెట్ పట్టారన్నది నిజమే, పోలీసులు వెనకబడకూడదన్నదీ నిజమే. కానీ ప్రభుత్వం ‘మేం కొత్త అధికారమేమీ అడగడం లేదు, టెలిఫోన్ నెట్‌వర్కుల్లో పోలీసు నిఘాకు వీలు కల్పించాలనే 1994 నాటి కాలియా చట్టాన్నే అమలు చేస్తున్నాం’ అనడం పచ్చి బుకాయింపు. సమాచార సేవలను, ప్రైవేటు నెట్‌వర్కులను ఆ చట్టం స్పష్టంగా మినహాయించింది. కమిషన్ కూడా క్యాంపస్ నెట్‌వర్కులకు మినహాయింపు ఉందనే రాసి, పేజీ అడుగున పాదసూచికలో మాత్రం అవి బయటి ఇంటర్నెట్‌తో కలిసే చోట చట్టం వర్తిస్తుందని చేర్చింది. బయటి ఇంటర్నెట్‌తో కలవని క్యాంపస్ ఎక్కడుంది? కుడిచేత్తో ఇచ్చింది ఎడమచేత్తో లాక్కోవడాన్ని అమలు అంటారా?

పోనీ, అవసరమైనా అంతటిదా? 2003లో అమెరికా అంతటా జారీ అయిన 1,442 నిఘా ఉత్తర్వుల్లో కంప్యూటర్ సమాచారానికి సంబంధించినవి 12. కోర్టు కాగితం తెస్తే విశ్వవిద్యాలయాలు అప్పటికే సహకరిస్తూ ఉన్నాయి. ఒక గదిలో దొంగ ఉన్నాడేమోనని ఊళ్లో ప్రతి ఇంటికీ దొడ్డి తలుపు పెట్టించి, ఆ తలుపు ఖర్చు ఇంటివాళ్లనే భరించమన్నట్టుంది.

ఖర్చు చిన్నదీ కాదు. అమెరికన్ కౌన్సిల్ ఆన్ ఎడ్యుకేషన్ లెక్కలో 700 కోట్ల డాలర్లు, అంటే ఏటా ఒక్కో విద్యార్థి ఫీజుపై దాదాపు 450 డాలర్లు. లెక్క ఉబ్బించారనుకుని సగానికి కోసినా మిగిలేది తక్కువేం కాదు. 1994లో టెలిఫోన్ కంపెనీలకు ఇదే పనికి 50 కోట్ల డాలర్లు కేటాయించిన ప్రభుత్వం, కళాశాలల దగ్గరికొచ్చేసరికి జేబు తడుముకోలేదు. అప్పట్లో అక్కడ చదివే 80 వేల మంది భారతీయ విద్యార్థుల్లో అప్పు చేసి వెళ్లిన మన పిల్లలెందరో. తమ మీద నిఘాకు తామే, అప్పటి మారకం లెక్కన, తలో రూ.20 వేలు చెల్లించాలన్నమాట!

విద్యాసంస్థలను ఈ ఉత్తర్వు నుంచి పూర్తిగా తప్పించాల్సింది. కౌన్సిల్ కోర్టుకెక్కింది. ఆగస్టు 5న రాసిన రెండింట్లో ఏది అబద్ధమో కమిషన్ అక్కడైనా చెప్పాల్సింది.