అప్పజెప్తే ఇంగ్లిషొస్తుందా?

అమీర్‌పేటలో ఐఈఎల్‌టీఎస్ కోచింగ్ బోర్డుల కింద కాసేపు నిలబడితే నాకు వినిపించేది ఇంగ్లిషు కాదు, అప్పజెప్పుడు. స్పీకింగ్ పరీక్ష మొత్తం 11 నుంచి 14 నిమిషాలు. మధ్యలో ఒక కార్డు చేతికిచ్చి, ఆలోచించుకోవడానికి ఒక్క నిమిషమిచ్చి, రెండు నిమిషాల దాకా మాట్లాడమంటారు. మనవాళ్లు ఆ కార్డులకు జవాబులు ముందే బట్టీ కొట్టి వెళ్తారు. ఎక్కాలు అప్పజెప్పే గొంతును అమ్మమ్మ వంటింట్లోంచే పట్టేస్తుంది, ఎదురుగా కూర్చున్న ఎగ్జామినర్ పట్టలేడా? ఒక్క ఎదురు ప్రశ్న పడితే చాలు, దారం తెగిపోతుంది. యాస గురించి బెంగ కూడా దండగే. ఉచ్చారణ మార్కులు మాట స్పష్టతకే గానీ లండన్ యాసకు కాదు (ముక్కుతో మాట్లాడటం నేర్పే మాస్టార్లు మన్నించాలి). అసలు దెబ్బ తగిలేది లిస్నింగ్‌లో. 40 ప్రశ్నలు, ఆడియో వినిపించేది ఒక్కసారే. ఒక ఆస్ట్రేలియా గొంతు ఫోన్ నంబరు చెబుతూ సున్నాను 'ఓ' అంటుంది, ఇంటిపేరును అక్షరమక్షరం గబగబా చెప్పేస్తుంది. మన మాటలు చాలావరకు అచ్చుతో ముగుస్తాయి కాబట్టి ఇంగ్లిషు మాట చివరి 'ఎస్' మన చెవికి ఆనదు. బహువచనం రాయాల్సిన చోట ఏకవచనం రాశామా, ఆ మార్కు గోవిందా. చెవికి రోజూ మేత వెయ్యాలి: పది నిమిషాలు ఇంగ్లిషు రేడియో విని, విన్నది రాసి, మళ్లీ విని దిద్దుకోవాలి. నోటికి అంత తతంగం కూడా అక్కర్లేదు. పొద్దున బస్సు ఎందుకు తప్పిపోయిందో స్నేహితుడికి ఇంగ్లిషులో చెప్పండి, వాడు నవ్వినా సరే.