ఊగితేనే లాభమా?

"మార్కెట్ ఊగితేనే కదా గురూ నాలుగు డబ్బులు" అంటారు డే ట్రేడింగ్ చేసే మా మిత్రులు. అబద్ధమేమీ కాదు. పొద్దున్న వంద దగ్గరున్న షేరు సాయంత్రానికీ అక్కడే ఉంటే, బ్రోకర్ ఖర్చులకి చేతి చమురు వదలడం తప్ప ఒరిగేదేమీ లేదు. నా పేచీ అల్లా, ఎంత ఊగితే అంత లాభం అనుకోవడంతోనే.

వొలటిలిటీ అనేది షేరు ఎంత దూరం కదలొచ్చో చెబుతుంది గానీ ఎటు కదులుతుందో చెప్పదు. అమెరికాలో విక్స్ అనే సూచీ ఉంది కదా, దాన్ని 16తో భాగిస్తే రోజుకి ఎంత ఊగొచ్చో ఉజ్జాయింపుగా తెలుస్తుంది. (ఏడాదికి ట్రేడింగ్ రోజులు సుమారు 252, దాని వర్గమూలం దాదాపు 16. చదువుకున్న స్టాటిస్టిక్స్ ఇన్నాళ్ళకి అక్కరకొచ్చింది!) విక్స్ 16 ఉంటే రోజుకి 1%. 2020 మార్చి 16న అది 82.69 దగ్గర ముగిసింది. అంటే రోజుకి 5% పైమాటే.

మామూలు రోజుల్లో 1% కింద స్టాప్‌లాస్ పెట్టి వంద షేర్లు కొనేవాడు, ఆ మార్కెట్లోనూ అదే చేశాడనుకోండి. షేరు చివరికి అతను అనుకున్న వైపే వెళ్ళినా, దారిలో ఒక్క కుదుపుకే స్టాప్ తగిలి బయటపడతాడు. అంచనా కరెక్టే, డబ్బు మాత్రం పోయింది. పోనీ స్టాప్‌ని 5% దూరం జరిపితే, అవే వంద షేర్ల మీద నష్టం ఐదింతలు. కనక స్టాప్ దూరం జరపాలి, షేర్లు ఇరవైకి తగ్గించాలి. జనం చేసేది సరిగ్గా దీనికి తిరగేసి. ఆ మార్చి 12న ఎస్ అండ్ పీ 500 సూచీ 9.5% పడి, 13న 9.3% లేచింది. ఇక పడేది లేదని ఆ శుక్రవారం సాయంత్రం మార్జిన్ మీద కొన్నవాడికి, సోమవారం 12% పడి చుక్కలు చూపించింది.

ఆప్షన్లు కొనేవాళ్ళకి ఇంకో మెలిక ఉంది. ఒడిదుడుకుల భయం ప్రీమియంలోనే కలిసి ఉంటుంది. 2024 జూన్ 4న, ఎన్నికల ఫలితాల రోజు, నిఫ్టీ దాదాపు 6% పడి మర్నాడు 3% పైగా లేచింది. పడిన సాయంత్రం కాల్ కొన్నవాడు దిశ సరిగ్గానే పట్టాడు. కానీ ఆ మర్నాడే ఇండియా విక్స్ పావు వంతుకు పైగా పడింది, అతను భయానికి కట్టిన ఖరీదులో చాలా భాగం ఆవిరైంది.

సెబీ 2024 సెప్టెంబరులో చెప్పిన లెక్క ప్రకారం, 2021-22 నుంచి మూడు ఆర్థిక సంవత్సరాల్లో ఫ్యూచర్స్, ఆప్షన్లలో దిగిన వ్యక్తుల్లో 93% మంది నష్టపోయారు. వాళ్ళకి ఒడిదుడుకుల కొదవేం లేదు మరి.

ఊళ్ళో మా పిన్ని కొడుకు బీటెక్ అయ్యాక ఉద్యోగాల వేట మానేసి ఇదే ఉద్యోగం అంటున్నాడు. ఈ ఇరవై షేర్ల లెక్క చెబితే, "ఇరవై షేర్లతో ఇల్లు గడుస్తుందా అన్నయ్యా?" అన్నాడు. గడవదు. అందుకే మళ్ళీ రెజ్యూమే పంపమన్నాను.